జిన్ను మిల్లులో చెవుల పరీక్ష

నేను పరిశోధన చేసింది జిన్నింగు మిల్లుల చప్పుడు మీద. పత్తిలోంచి గింజను వేరుచేసే ఆ జిన్ను యంత్రాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవాళ్ల చెవులు ఎంత పాడవుతాయి, ఏ శబ్దాలు ముందు వినపడకుండా పోతాయి అన్నది నా విషయం. ఆ రోజుల్లోనే ఎలక్ట్రానిక్ సంగీతం కూడా చేసేవాణ్ణి. ఒక ల్యాప్‌టాప్, చిన్న సింథసైజర్, రెండు స్పీకర్లు. చేసిన పాటలు వేరే పేరుతో నెట్‌లో పెట్టేవాణ్ణి. బెంగళూరులో, హైదరాబాదులో ఆ పేరు తెలిసినవాళ్లు కొంతమంది ఉండేవారు. రాయచూరులో మాత్రం ఎవరికీ తెలియదు. మా వీధిలో డీజే అంటే ఊరేగింపు బండి మీద పెద్ద పెద్ద డబ్బాలు పేర్చి కిటికీలు అదరగొట్టేవాడు.

రెండూ శబ్దంతో చేసే పనే కదా, ఒకదానికొకటి అడ్డం రావు అనుకునేవాణ్ణి. వారమంతా కొలతలు, శనివారం పాట. అలా మూడేళ్లు నడిపాను. నడిపినందుకు నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి కూడా.

పీహెచ్‌డీ చేయించే మా గైడుకు ఇది వేళాకోళం. ప్రయోగశాలకు ఎవరైనా వస్తే, "ఇతను మా డీజే, తీరిక దొరికితే సైన్సు కూడా చేస్తాడు" అని పరిచయం చేసేవాడు. వాళ్లు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఒకసారి సెమినార్‌లో నా గ్రాఫు తెరమీద ఉండగా, "దీనికి గెంతాలా, కూర్చుని వినాలా?" అని అడిగాడు. వెనక వరసలో ఎవరో టేబుల్ మీద తాళం వేశారు. ఆ రోజు తర్వాత నా కొలతల్లో ఒక్క తప్పు కూడా ఉండకూడదని పంతం పట్టాను. ఆ పంతం ఎవరి నెత్తిన పడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మిల్లుల వాళ్లెవరూ నన్ను లోపలికి రానివ్వలేదు. చివరికి మామ దగ్గరికి వెళ్లాను. మా అమ్మకు అన్న. రాయచూరులో ఆయనకు ఒక జిన్నింగు మిల్లు ఉంది. దేవదుర్గ దిక్కు నుంచి, అరకేర, జాలహళ్ళి నుంచి పత్తి ట్రాక్టర్లు వచ్చి ఆయన గేటు ముందు వరసగా నిలబడేవి. నేను చెప్పిందంతా విని ఆయన, "చప్పుడు కొలుస్తవా? కొలుచుకో. చప్పుడుకు నేనేం పన్ను కట్టేది లేదు కద" అన్నాడు. అంతే. ఆ సీజనంతా మిల్లు నాదే అయింది.

లోపల ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. ఆడవాళ్లు యంత్రాలకు పత్తి అందిస్తూ చెవుల్లో పత్తే కుక్కుకునేవారు. దానివల్ల పెద్దగా ఉపయోగం లేదని కొలిచి చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. నా చెవుల్లో మాత్రం సంగీతం కోసం చేయించుకున్న, చప్పుడు తగ్గించే మంచి ప్లగ్గులు ఉండేవి. వీళ్లకూ మామూలువి ఇప్పిద్దామా అని గైడును అడిగాను. "వచ్చే ఏడు మళ్లీ వీళ్లనే కొలవాలి కదా, ఇప్పుడిస్తే ఆ కొలతలకు అర్థం ఏముంటుంది? అయిపోయాక ఇద్దువు" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. అందుకని సీజనంతా నేను చెవులు మూసుకుని తిరుగుతూ, తెరిచిన చెవులున్న వాళ్లను కొలిచాను.

చెవుల పరీక్ష మిల్లు నడవని రోజున పెట్టాలి. అంటే వాళ్ల సెలవు పూట. మామ ఆఫీసు గదిలో ఒక మూల టేబుల్ వేసుకుని, వచ్చినవాళ్లకు చాయ్, బిస్కెట్లు ఇచ్చేవాణ్ణి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవాలి, శబ్దం వినపడితే చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. ముందే అందరికీ తెలుగులో, కన్నడలో చెప్పాను. "ఈ కాగితాలు నేను తప్ప ఇంకెవరూ చూడరు. మీ పని మీకుంటది."

వాళ్లలో ఒకావిడ సరిహద్దు దగ్గరి పల్లె నుంచి వచ్చేది. యాభై దాటి ఉంటాయి. పాతికేళ్లుగా జిన్ను మీదే ఉంది. నేను పెద్దమ్మా అనేవాణ్ణి, ఆవిడ సారూ అనేది. మొదటిసారి పరీక్షకు కూర్చున్నప్పుడు బటన్ చకచకా నొక్కింది. కుర్రవాళ్లకు కూడా రానంత బాగా వచ్చింది ఫలితం. పాతికేళ్లు ఆ హోరులో ఉన్న మనిషికి అలా రాకూడదు. నాకు అనుమానం వచ్చింది. శబ్దం పంపకుండా ఉత్తినే వేలు కదిపాను. ఆవిడ నొక్కింది. ఇంకోసారి కదిపాను. మళ్లీ నొక్కింది. ఆవిడ వింటున్నది చెవులతో కాదు, నా చేతిని చూస్తోంది.

బిస్కెట్ల డబ్బా అట్ట చింపి నా చేతికీ ఆవిడకూ మధ్య నిలబెట్టాను.

"ఆ అట్ట ఎందుకు సారూ?"

"పరీక్ష సరిగ్గా రావాలని పెద్దమ్మా."

తర్వాత ఆవిడ చాలాసేపు నొక్కలేదు. శబ్దం పెంచుకుంటూ పోయాను. నా హెడ్‌ఫోన్లలో అయితే తీసి పారేసేంత గట్టిగా పెంచాక ఒకసారి నొక్కింది. మధ్యమధ్యలో ఊరికే, అదృష్టం మీద వదిలేసినట్టు నొక్కింది. అవన్నీ తప్పులుగానే గుర్తు పెట్టాను. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ మీద పెట్టి, నా ముఖంలోకి చూసింది.

"వినపడ్డదని రాయి సారూ."

"అట్ల రాస్తే అది పరిశోధన కాదు."

"పరిశోధన అంటే ఏంది?"

"నిజం కనుక్కోవడం."

"నిజం నాకు ఎర్కనే ఉన్నది కద" అంది ఆవిడ. "నీకెందుకు?"

ఆవిడకు ఏ శబ్దం ఎంత గట్టిగా పెడితే వినపడిందో కాగితం మీద చుక్కలు పెట్టాను. గీత గీశాను. ఆ సీజన్‌లో నేను గీసిన వాటన్నిటిలోకి కిందికి పడిపోయిన గీత అదే. గైడు దాన్ని చూసి మొదటిసారి నన్ను డీజే అనకుండా పేరుపెట్టి పిలిచాడు. "ఇది చాలా అందమైన ఫలితం" అన్నాడు.

యంత్రాల చప్పుడును రోజంతా రికార్డు చేసేవాణ్ణి. కొలతల కోసం. ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి చీర కొంగు రోలర్లలో చిక్కింది. దూరం నుంచి ముందుగా చూసింది పెద్దమ్మే. "ఆపు, ఆపూ" అని గొంతు చించుకుని అరిచింది. ఎవరికీ వినపడలేదు. తనే పరుగెత్తి వెళ్లి మీట దించింది. కొంగు చిరగడంతో సరిపోయింది, అమ్మాయికి ఏమీ కాలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లి ఆ రోజు రికార్డింగు వింటే, హోరు కింద ఆ గొంతు ఉంది. మైకు ఆవిడకు దగ్గరగా ఉండింది.

నాకు ముందు తోచింది ఆ గొంతు ఎంత బాగుందోనని. ఆ విషయం దాచి ప్రయోజనం లేదు. రోలర్ల టకటకను తాళంగా పెట్టి, కింద బేస్ పోసి, ఆ "ఆపూ"ను ముక్కలు చేసి తిప్పి తిప్పి వాడాను. అప్పటిదాకా నేను చేసిన వాటిలో అదే మంచిది. నెట్‌లో పెట్టిన కొద్దిరోజులకే బెంగళూరు నుంచి పిలుపు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, పెద్ద తోటలో, ఆరుబయట కార్యక్రమం.

సోమవారం పొద్దున నా నివేదిక విశ్వవిద్యాలయంలో ఇవ్వాలి. పరీక్షకు ఒప్పుకుంటున్నామని ప్రతి మనిషీ వేలిముద్ర వేసిన ఒప్పుకోలు కాగితం మీద మిల్లు ముద్ర, మామ సంతకం ఉండాలి. బెంగళూరు మానుకో అని నాతో ఎవరూ అనలేదు. గైడుకు చెప్పనే లేదు. శనివారం సాయంత్రం బండి ఎక్కి, ఆదివారం వాయించి, తిరుగు బండిలో సోమవారానికి వచ్చేస్తే రెండూ అవుతాయి. ఇలాంటివి నాకు బాగా చేతనవును.

ఒప్పుకోలు కాగితాలు, పరీక్ష ఫలితాలు ఒకే పిన్నుతో కలిపి ఉన్నాయి. వాటిని విడదీసి ఒప్పుకోలు కాగితాలు మాత్రమే మామకు ఇవ్వాలి. అరగంట పని. ఆ శనివారం మధ్యాహ్నం ఆ అరగంట నా దగ్గర ఉంది. పాట చివర్లో "ఆపూ" మరీ ముందుగా ఆగిపోతోందనిపించి, దాన్ని సాగదీస్తూ కూర్చున్నాను. తర్వాత ఫైలు మొత్తం తీసుకెళ్లి మామ టేబుల్ మీద పెట్టాను.

"మీద కాగితాలకు సంతకం చెయ్ మామా. లోపలివి చూడకు."

"నాకెందుకురా అవి" అన్నాడు మామ.

ఆయన చూస్తాడని నాకు తెలుసు. ఈ సంగతి చాలా ఏళ్లు నాకే చెప్పుకోలేదు. తెలియక పొరపాటు జరిగిందని అనుకుంటూ వచ్చాను. తెలిసే పెట్టాను, బండికి టైమవుతోందని.

బెంగళూరులో ఎండ తగ్గే వేళకు నా పాట మొదలైంది. టకటక వినగానే జనం ముందుకు జరిగారు. "ఆపూ" వచ్చినప్పుడల్లా చేతులెత్తి వాళ్లూ "ఆపూ" అని అరిచారు. చాలామందికి దాని అర్థం తెలియదు. ఒకతను దగ్గరికి వచ్చి, ఆ గొంతు ఏ వాద్యంతో చేశావని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. నా జీవితంలో అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. ఇప్పుడు ఈ మాట రాస్తున్నప్పుడు కూడా అది అబద్ధం అనలేను.

సోమవారం దారిలో మిల్లు దగ్గర దిగి ఫైలు తీసుకున్నాను. అన్నిటి మీదా సంతకాలు ఉన్నాయి. నివేదిక ఇచ్చి, గురువారం మిల్లుకు వెళితే యంత్రాల దగ్గర తొమ్మిదిమంది కొత్తవాళ్లు కనిపించారు. పెద్దమ్మ చోట పద్దెనిమిదేళ్ల పిల్ల ఉంది. ఏం జరిగిందని మేస్త్రీని అడిగితే చెప్పాడు. మంగళవారం పొద్దున గేటు దగ్గర పేర్లు చదివారట. చెవులు పోయినవాళ్లు రేపటి నుంచి రావద్దని, తక్కిన కూలీలంతా వింటుండగా.

ఆఫీసులోకి వెళ్లాను. మామ కన్నడ పేపరు చదువుతున్నాడు.

"ఇట్ల ఎట్ల చేస్తవ్ మామా? నేను వాళ్లకు మాటిచ్చిన."

"నువ్వు ఇచ్చినవ్. నేను ఇచ్చిన్నా?" పేపరు మడిచి పక్కన పెట్టాడు. "చెవిటోళ్లను మిషన్ కాడ నిలబెట్టుకుంటే, రేపు ఎవరి చెయ్యన్న లోపలికి పోతే ఎవరిది జిమ్మేదారి? నాకు తెల్వనప్పుడు సరే. నువ్వు కాగితం మీద రాసి చూపించినంక ఎట్ల ఉంచుకోవాలె? నువ్వే చెప్పు."

"వాళ్ల చెవులు పోయింది ఇక్కడే కద."

"అట్లని నీ కాగితంల రాసినవా?"

రాయలేదు. మిల్లు పేరు బయటపెట్టనని ఆయనకూ మాటిచ్చాను. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

"వచ్చే ఏడు మళ్లా కొలవాలంటివి" అన్నాడు మామ నెమ్మదిగా. "కొలుస్తవా, బంద్ చేస్తవా?"

"కొలుస్త" అన్నాను. ఆయన పేపరు మళ్లీ విప్పాడు.

దుర్మార్గమంతా మామ నెత్తిన పెట్టి ఈ కథ చెప్పడం తేలిక. స్నేహితులకు అలాగే చెప్పాను. వాళ్లు తల ఊపారు.

రెండు వారాల తర్వాత పెద్దమ్మ పల్లెకు వెళ్లాను. ఆవిణ్ణి చూడాలనిపించి కాదు. ఒప్పుకోలు కాగితం మీద ఆవిడ వేలిముద్ర అలుక్కుపోయిందని, మళ్లీ తెమ్మని విశ్వవిద్యాలయం నుంచి కాగితం తిరిగొచ్చింది. ఇంకు డబ్బీ జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

ఇంట్లో కోడలు, పెద్దమ్మ ఉన్నారు. పెద్దమ్మ నన్ను చూసి నులకమంచం వాల్చింది. కోడలు చాయ్ గ్లాసు ఇస్తూ, అత్త వైపు చూసి నవ్వుతూ నాతో అంది. "ఇన్నొద్దులు మాకు ఎర్కనే లేదు సారూ, గమ్మునుండే మనిషి అనుకున్నం. చెవిటిదని మిల్లోళ్లు చెప్తే తెల్సింది. ఇగ ఈ చెవిటి ముండను కూసోబెట్టి ఎన్నొద్దులు సాకాలె?" నవ్వు ముఖం నవ్వుగానే ఉంది. పెద్దమ్మ కూడా తిరిగి నవ్వింది.

నేను చాయ్ తాగాను. ఇంకు డబ్బీ తీశాను. ఆవిడ వేలు నల్లగా అద్ది, ఎందుకని అడగకుండానే కాగితం మీద ఒత్తింది.

బస్సు ఆగే చోటు దాకా నాతో వచ్చింది. దారిలో చెప్పింది. "నా కోడలు ఏమన్నదో నాకు తెల్సు సారూ. జిన్నుల పాతికేండ్లు పెదవులు చూస్కుంటనే మాట్లాడుకున్నం. ఆ చప్పుట్ల చెవులెవరికి పనికొచ్చినయ్? ఇంట్ల గూడ అట్లనే ఎల్లదీసిన. మొగుడు చచ్చిపోయేదాంక ఆయనకు గూడ తెల్వలేదు. నీ అట్ట వచ్చినంక అందరికి తెల్సింది."

నేను ఏం చెయ్యగలనో చెప్పమన్నాను.

"మళ్లా పరీక్ష పెట్టు. అట్ట తీసేసి పెట్టు."

ఆ ఆదివారం ఆవిడ రాయచూరులో నా గదికి వచ్చింది. టేబుల్ మీద వైర్లు, స్పీకర్లు చూసి ఇవేంటని అడిగింది. పాటలు చేస్తానన్నాను. వినిపించమంది. ఇంకే పాటా చేతికి రానట్టు ఆ మిల్లు పాటే పెట్టాను. ఆవిడ స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. "మిషన్ లెక్కనే ఉన్నది" అని మెచ్చుకుంది. అందులో నీ గొంతు ఉందని చెప్పలేదు.

తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టి, అట్ట లేకుండా పరీక్ష చేశాను. నా వేలు కదిలిన ప్రతిసారీ నొక్కింది. ఒక్కటీ తప్పిపోలేదు. గీత పైన, తిన్నగా వచ్చింది. సంతకం పెట్టాను. ఇద్దరం కలిసి మిల్లుకు వెళ్లాం. ఆవిణ్ణి బయట కూర్చోమని నేను లోపలికి వెళ్లాను. మామ గదికి ఆవరణ వైపు పెద్ద అద్దం కిటికీ ఉంది, ట్రాక్టర్లు కనపడేలా. ఆవిడ దానికి ఎదురుగా పత్తి బస్తా మీద కూర్చుంది.

మామ కాగితం చదివాడు. సొరుగులోంచి ఇంకో కాగితం తీసి పక్కన పెట్టాడు. నా పాత ఫలితం, జెరాక్స్. ఆ మాత్రం చేసి ఉంటాడని నాకు తట్టలేదు.

"నెల రోజులల్ల చెవులొచ్చినయా?" అన్నాడు. "మంచిది. పెట్టుకుంటా. కాని రెండు కాగితాలు మీ సారుకు పంపిస్తా. ఏది నిజమో ఆయన్నే చెప్పనీ. ఆయన ఈ పాతదే నిజమంటే నీ సంతకం సంగతేంది? కొత్తది నిజమంటే నువ్వు రాసిన మిగతా కాగితాల సంగతేంది?"

గైడు ముఖం గుర్తొచ్చింది. సెమినార్‌లో టేబుల్ మీద పడిన తాళం గుర్తొచ్చింది. మూడేళ్ల పని ఆ రెండు కాగితాల మధ్య ఉంది. ఎక్కువసేపు ఆలోచించలేదు.

"కొత్తది తప్పు మామా" అన్నాను. "ఆమెకేం వినపడదు. చింపెయ్."

ఆయన చింపలేదు, నాకే ఇచ్చాడు. నేనే చింపాను.

బయటికి వచ్చి, ఆవిడ ముందు నిలబడి, చెప్పబోయే అబద్ధాన్ని సర్దుకున్నాను. "మామ ఒప్పుకోలేదు పెద్దమ్మా. నేను ఎంత చెప్పినా..."

"చూసిన" అంది ఆవిడ. అద్దం వైపు చెయ్యి చూపలేదు, కోపంగా కూడా లేదు. "ఆమెకేం వినపడదు, చింపెయ్ అన్నవ్."

లేచి చీరకు అంటిన పత్తి దులుపుకుంది. నేను ఏదో అంటూనే ఉన్నాను. ఆవిడ నా ముఖం వైపు నుంచి చూపు తిప్పేసుకుంది. దాంతో నా మాట ఆవిడకు అందకుండా పోయింది. గేటు దాటి వెళ్లిపోయింది. తర్వాత ఆవిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోందని ఎవరో చెప్పారు. అక్కడ చప్పుడు ఉండదు. మాట్లాడుకుంటూ చేసే పని కాబట్టి, మాట కలపనివాళ్లను ఎక్కువ రోజులు పిలవరని కూడా చెప్పారు. నేను వెళ్లి చూడలేదు.

రెండో ఏడు కొలతలు అయిపోయాయి. ప్లగ్గులు ఇద్దామని గైడుకు గుర్తు చేశాను. ఆ ఖర్చు పద్దు మూసేశారు అన్నాడు. నేనూ మళ్లీ అడగలేదు.

వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దవాడు, మెత్తని మనిషి. పెద్దమ్మ గీత తెరమీద ఉన్నప్పుడు కళ్లజోడు సర్దుకుని అడిగాడు.

"వీళ్లంతా ఇప్పుడు ఏమయ్యారు? ఇంకా అదే చప్పుడులో ఉన్నారా?"

గైడు నా వైపు చూశాడు.

"లేదు సార్" అన్నాను. "నష్టం ఎక్కువగా ఉన్నవాళ్లను చప్పుడు నుంచి తప్పించారు. నా ఫలితాలు చూశాకే మిల్లు ఆ నిర్ణయం తీసుకుంది."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆయన సంతోషంగా తల ఊపి, అందరికీ వినపడేలా అన్నాడు. "పరిశోధన అంటే ఇలా మనుషులకు పనికిరావాలి." ఆ వాక్యాన్ని వైవా నివేదికలో రాయించాడు కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. గైడు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, నాతోపాటు గ్రూప్ ఫోటోకు నిలబడ్డాడు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. శబ్దం మీద పాఠం చెబుతాను. నెలకు ఒకటో రెండో కార్యక్రమాలు కూడా వస్తాయి. రెండూ ఎలా నడుపుతున్నారని విద్యార్థులు అడుగుతుంటారు. టైమును సరిగ్గా పంచుకోవాలని చెబుతాను. వాళ్లు రాసుకుంటారు.